యానిమే ఫిగర్ కొంటున్నారా? నకిలీని డబ్బు కట్టకముందే పట్టుకునే పద్ధతి

ఇన్‌స్టాగ్రామ్ తెరిస్తే వన్ పీస్ అనే జపాన్ యానిమేషన్ కథ (యానిమే)లోని మూడు కత్తుల జోరో బొమ్మ, అడుగు ఎత్తు, లైట్లతో సహా 1,299 రూపాయలు. షాపింగ్ యాప్‌లో వెతికితే నరుటో బొమ్మలు ఆరు కలిపి 599. కింద వందల రివ్యూలు, నాలుగున్నర చుక్కలు. ఈ ధరలకు దొరికేవి నకిలీలు. వాటి అచ్చుకు, రంగుకు, అమ్మకానికి అసలు హక్కుదారులతో ఏ సంబంధమూ ఉండదు. వీటినే కలెక్టర్లు బూట్‌లెగ్ అంటారు, మన అమ్మకందార్లు "ఫస్ట్ కాపీ" అంటారు.

మన ఊళ్లలో ఫిగర్‌ని చేత్తో పట్టుకుని చూసి కొనే దుకాణాలు చాలా తక్కువ. ఎక్కువమంది ఫోటో చూసి, యూపీఐలో డబ్బు పంపి, ఆ తర్వాత బొమ్మ మొహం చూస్తారు. అందుకే ఈ మార్గదర్శిలో సగానికి పైగా డబ్బు పంపకముందు చేయాల్సిన పనే ఉంది. బొమ్మ చేతికొచ్చాక చేసే పరీక్షలు డబ్బు వెనక్కి అడగడానికి పనికొస్తాయి. ముందు చేసేవి అసలు డబ్బు పోకుండా కాపాడతాయి.

మొదటి మెట్టు: బొమ్మకు పూర్తి పేరు కనుక్కోండి

"ఇది ఒరిజినలేనా?" అన్న ప్రశ్న కంటే ముందు అడగాల్సింది "ఇది ఏ బొమ్మ?" అని. ప్రతి అసలు ఫిగర్‌కీ నాలుగు వివరాలు ఉంటాయి: తయారీ సంస్థ, ఆ సంస్థలోని సిరీస్, విడుదలైన నెల, యెన్‌లలో ధర (గేమ్ సెంటర్లలో బహుమతిగా వచ్చే బొమ్మలకైతే జపాన్ దుకాణాల్లో పలికే ధర). ఈ నాలుగూ దొరకని బొమ్మను కొనకండి. ఈ ఒక్క నియమం పాటిస్తే మన మార్కెట్లో తిరిగే నకిలీల్లో చాలా భాగం మీ గడప దాకా రావు.

లిస్టింగ్‌లో "యానిమే యాక్షన్ ఫిగర్, 18 సెం.మీ., కార్ డ్యాష్‌బోర్డ్, కేక్ డెకరేషన్" అని మాత్రమే ఉందంటే అమ్మేవాడు కావాలనే పేరు దాచాడు. ఆ ఫోటోను గూగుల్ లెన్స్‌లో వేయండి. తర్వాత మైఫిగర్‌కలెక్షన్ అనే సైట్‌లో పాత్ర పేరుతో వెతకండి. అభిమానులు కలిసి నింపుతున్న ఆ జాబితాలో తయారీదారు, శిల్పి, ఎత్తు, బార్‌కోడ్, విడుదల తేదీలు, మళ్లీ విడుదలైన తేదీలు కూడా ఉంటాయి. నకిలీలకు విడిగా బూట్‌లెగ్ అన్న ముద్ర వేసి ఉంటుంది. అసలు, నకిలీ పక్కపక్కన పెట్టి తీసిన ఫోటోలు కూడా చాలా బొమ్మలకు అక్కడే దొరుకుతాయి.

వెతకడం తేలిక కావాలంటే ప్రధాన రకాలు తెలిసి ఉండాలి.

స్కేల్ ఫిగర్ అంటే పాత్ర ఎత్తును ఒక నిష్పత్తిలో కుదించినది. 1/7 అంటే 165 సెం.మీ. పాత్ర సుమారు 23.5 సెం.మీ. అవుతుంది. ఆల్టర్, కోటోబుకియా, మ్యాక్స్ ఫ్యాక్టరీ, గుడ్ స్మైల్ కంపెనీ వంటివి వీటిని చేస్తాయి. కొత్త 1/7 బొమ్మ ఇవాళ 15,000 నుంచి 25,000 యెన్‌లు, ఇంకా పైన కూడా ఉంటుంది.

నెండొరాయిడ్ అంటే పెద్ద తల, చిన్న ఒళ్లు, సుమారు 10 సెం.మీ. ఎత్తు. గుడ్ స్మైల్ 2006లో మొదలుపెట్టిన సిరీస్ ఇది. ప్రతి బొమ్మకూ ఒక వరుస సంఖ్య ఉంటుంది: డీమన్ స్లేయర్ కథలోని తంజిరో 1193, నెజుకో 1194, నరుటో 682. ఆ సంఖ్య బాక్స్ మీద అచ్చయి ఉంటుంది. కొన్ని నకిలీ బాక్సుల్లో ముందువైపు ఒక సంఖ్య, పక్కన ఇంకో పాత్ర సంఖ్య కనిపిస్తాయి. అదే దొంగను పట్టించేస్తుంది. కీళ్లు కదిలే ఫిగ్మా సిరీస్ 2008లో వచ్చింది, ఎత్తు సుమారు 15 సెం.మీ.

ప్రైజ్ ఫిగర్ అంటే జపాన్ గేమ్ సెంటర్లలో గాజు పెట్టెలోంచి పంజాతో పైకి లాగి గెలుచుకునే బొమ్మ. బన్‌ప్రెస్టో పేరుతో బండాయ్ స్పిరిట్స్, ఇంకా సెగా, టైటో, ఫ్యూర్యూ వీటిని చేస్తాయి. గెలిచినవాళ్లు అమ్మేసినవి దుకాణాలకు చేరి 2,000–3,500 యెన్‌లకు దొరుకుతాయి. వన్ పీస్, డ్రాగన్ బాల్, నరుటో బొమ్మల్లో మన దగ్గరికి వచ్చేవి ఎక్కువగా ఇవే. తేలిక ధర కదా, దీనికి నకిలీ ఎందుకు చేస్తారని అనుకోవద్దు. బాగా అమ్ముడుపోయే ప్రైజ్ ఫిగర్లలో చాలావాటికి నకిలీలున్నాయి.

ఇక మన దగ్గర బాగా తికమక పెట్టేది "జీకే". ఈ మాట గ్యారేజ్ కిట్ నుంచి వచ్చింది, అంటే కొన్నవాళ్లే భాగాలు అతికి రంగులేసుకునే బొమ్మ. జపాన్‌లో టోక్యో దగ్గరి చిబాలో ఏడాదికి రెండుసార్లు జరిగే వండర్ ఫెస్టివల్‌లో అభిమాన శిల్పులు తాము చేసిన కిట్లను, హక్కుదారులు ఆ ఒక్క రోజుకే ఇచ్చే అనుమతితో అమ్ముతారు. అది పద్ధతి ప్రకారం జరిగే పని. కానీ ఇప్పుడు ఆన్‌లైన్‌లో జీకే అంటే ఎక్కువగా చిన్న స్టూడియోలు రెజిన్‌తో (అచ్చులో పోస్తే గట్టిపడే పదార్థం) పోసే పెద్ద విగ్రహాలు. వాటిలో లైసెన్స్ ఉన్నవి కొన్ని, లేనివి చాలా. ఆ రెజిన్ విగ్రహానికి మళ్లీ అచ్చు తీసి చవక రకం పీవీసీ ప్లాస్టిక్‌లో పోసిన బొమ్మలే మన 1,299 రూపాయల జోరోలు. మంటలు, మెరుపులు, లైట్లు, బేస్ మీద కొండలు ఉండి, ఏ కంపెనీ జాబితాలోనూ కనపడని విగ్రహం సాధారణంగా ఈ కోవదే. దానికి "ఒరిజినల్" అన్నది ఎప్పుడూ అధికారికంగా రాలేదు. కాబట్టి ఒరిజినలా కాదా అని బాక్స్ తిప్పి చూడటంలో అర్థం లేదు.

పేరు దొరికాక విడుదల తేదీ తప్పకుండా చూడండి. తయారీదారు రంగులద్దిన నమూనా ఫోటోలను చాలా నెలల ముందే బయటపెడతాడు. నకిలీ చేసేవాళ్లలో కొందరు ఆ ఫోటోలు చూసే అచ్చు చేసుకుంటారు. అసలు బొమ్మ వచ్చే ఏడాది మార్చిలో వస్తుందంటే, ఈ నెల "స్టాక్ రెడీ" అన్నవాడి దగ్గర ఉన్నది ఏదో చెప్పక్కర్లేదు.

రెండో మెట్టు: లెక్క కట్టండి

చవకగా ఉంది అనిపించడం చాలదు, కాగితం మీద వేయండి. ఒక నెండొరాయిడ్ ధర 6,500 యెన్‌లు అనుకుందాం. 100 యెన్‌లకు 58 రూపాయల చొప్పున 3,770 రూపాయలు. పార్సిల్ ఖర్చు 2,000 యెన్‌లు అనుకుంటే ఇంకో 1,160. అంటే కస్టమ్స్ ముట్టుకోకముందే 4,930. దుకాణదారుడు ఒకేసారి పెట్టెల కొద్దీ తెప్పిస్తే రవాణా తగ్గుతుంది గానీ సుంకం, అతని లాభం కలుస్తాయి. ఆటబొమ్మల మీద మన దిగుమతి సుంకమే 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. ఇన్ని మెట్లు ఎక్కివచ్చిన నెండొరాయిడ్‌ని 899కి ఎవరూ ఇవ్వలేరు. "బల్క్‌లో తెచ్చాం", "ఫ్యాక్టరీలో మిగిలిన స్టాక్", "చిన్న లోపంతో తిప్పి పంపినవి" అనే మాటలన్నీ ఈ లెక్క దగ్గర ఆగిపోతాయి.

మా సలహా: భారత్‌లో చెప్పే ధర, జపాన్ అసలు ధరను రూపాయల్లోకి మార్చినదానికంటే తక్కువ ఉంటే అనుమానించండి. సగం కంటే తక్కువ ఉంటే వదిలేయండి. మినహాయింపు ఒక్కటే, అది జపాన్ సెకండ్‌హ్యాండ్ మార్కెట్. అక్కడ అడిగేవాళ్లు తగ్గిన పాత బొమ్మలు అసలు ధరకంటే కిందికి నిజంగానే వస్తాయి.

ధర ఎక్కువ ఉన్నంత మాత్రాన అసలుదని కూడా కాదు. ఈ లెక్క తెలిసిన మోసగాళ్లు నకిలీకి 3,500 పెట్టి "చూశారా, చవక మాల్ కాదు" అంటారు. అందుకే లెక్కతో ఆగకూడదు.

మూడో మెట్టు: అమ్మేవాళ్లను ఇవి అడగండి

లిస్టింగ్‌లో ఉన్నవన్నీ కంపెనీ ప్రచార ఫోటోలే అయితే మీరింకా బొమ్మను చూడనట్టే. ఈ సందేశం ఇలాగే పంపవచ్చు:

"అండీ, ఈ ఫిగర్ ఏ కంపెనీది, ఏ సిరీస్? బాక్స్ ఆరు వైపులా ఫోటోలు కావాలి. అడుగున ఉన్న కాపీరైట్ అక్షరాలు చదవగలిగేంత దగ్గరగా తీయండి. బాక్స్ తెరిచి ఉంటే మొహం, పాదాల కింద, బేస్ కింద ఫోటోలు కూడా పంపండి. పక్కన ఈ రోజు తేదీ, నా పేరు రాసిన చీటీ పెట్టండి. నకిలీ అని తేలితే పూర్తి డబ్బు వెనక్కి ఇస్తామని మెసేజ్‌లో రాయండి."

అసలు సరుకు అమ్మేవాళ్లు వీటికి అలవాటు పడి ఉంటారు, పది నిమిషాల్లో ఫోటోలు వస్తాయి. "నమ్మకం లేకపోతే వదిలేయండి", "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, ముందు అడ్వాన్స్ వేయండి" అన్న జవాబు వస్తే అక్కడితో ఆపేయండి. చీటీ అడగడానికి కారణం ఉంది. ఇతర కలెక్టర్లు పెట్టిన ఫోటోలను దొంగిలించి తమవిగా చూపడం బాగా జరుగుతుంది.

కొన్ని మాటల అసలు అర్థం తెలిసి ఉండాలి. "ఫస్ట్ కాపీ", "మాస్టర్ కాపీ", "హై క్వాలిటీ ఇంపోర్టెడ్", "చైనా వెర్షన్" అన్నవన్నీ నకిలీకి మారుపేర్లే. "వితౌట్ బాక్స్" ఎక్కువసార్లు నకిలీయే. సెకండ్‌హ్యాండ్‌లో అసలు బొమ్మ కూడా బాక్స్ లేకుండా వస్తుంది గానీ, అప్పుడు ఒక్కటే ఉంటుంది. ఒకే బొమ్మ బాక్స్ లేకుండా ఇరవై ఉన్నాయంటే అవి ఇంకోచోట నుంచి వచ్చినవే. రివ్యూలు చదివేటప్పుడు చుక్కలు వదిలేసి, కొన్నవాళ్లు పెట్టిన ఫోటోలే చూడండి. "బాబుకి బాగా నచ్చింది" అని ఐదు చుక్కలిచ్చిన రివ్యూ కింద ఫోటోలో కళ్లు పక్కకు జారి ఉండటం మామూలే. పెట్టినవాళ్లు అబద్ధమాడలేదు, వాళ్లకు అసలుది ఎలా ఉంటుందో తెలియదు, అంతే.

దేశంలో దిగుమతి చేసి పద్ధతిగా అమ్మే ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, తయారైన దేశం, వినియోగదారుల ఫోన్ నంబరు ఉన్న స్టిక్కర్ ఉండాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతాయి. దుకాణంలోనైనా, కామిక్ కాన్ స్టాల్‌లోనైనా ఆ స్టిక్కర్ కోసం బాక్స్ తిప్పండి. పెద్ద వేడుకలో స్టాల్ ఉండటం, మాల్‌లో కొట్టు ఉండటం సరుకుకు హామీ కాదు.

నాలుగో మెట్టు: బాక్స్ చదవడం

ముందుగా తయారీదారు లోగో వెతకండి. నకిలీ చేసేవాళ్లు పాత్ర బొమ్మను ఉంచి, కంపెనీ లోగోను మాత్రం తీసేసిన బాక్సులు చాలా వేస్తారు. కస్టమ్స్ తనిఖీలో ఒక కంపెనీ పేరు దొరక్కుండా ఉండటానికి అది పనికొస్తుంది. అసలు బాక్స్ ఫోటోలో లోగో ఉన్నచోట మీ బాక్స్‌లో ఖాళీ రంగు ఉంటే, వేరే పరీక్షలు అక్కర్లేదు.

తర్వాత కాపీరైట్ వరుస. వన్ పీస్ అయితే రచయిత ఓడా ఎయిచిరో పేరు, షూయేషా, ఫ్యూజీ టీవీ, తోయీ యానిమేషన్ ఒకే వరుసలో జపనీస్‌లోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. డీమన్ స్లేయర్ అయితే రచయిత పేరు, షూయేషా, అనిప్లెక్స్, యూఫోటేబుల్. నకిలీ బాక్స్‌ను అసలు బాక్స్ స్కాన్ చేసి వేస్తారు కాబట్టి ఈ చిన్న అక్షరాలు అలుక్కుపోయి, అంచులు మసకగా వస్తాయి. ఫోన్ కెమెరాను రెండింతలు పెద్దది చేసి చూస్తే తేడా తెలుస్తుంది. జపనీస్ రాకపోయినా ఫర్వాలేదు. అసలు బాక్స్ ఫోటో పక్కన పెట్టుకుని గీత గీతనూ పోల్చండి.

బార్‌కోడ్‌ను ఫోన్‌లో స్కాన్ చేయండి. జపాన్ కంపెనీల అంకెలు సాధారణంగా 45తోగానీ 49తోగానీ మొదలవుతాయి. అంకె ఇంకో బొమ్మదని తేలితే నకిలీ ఖాయం. సరిపోతే మాత్రం ఏమీ తేలినట్టు కాదు, ఎందుకంటే బార్‌కోడ్‌ను కాపీ కొట్టడం అన్నిటికంటే తేలిక. తోయీ యానిమేషన్ మెరిసే స్టిక్కర్ సంగతీ ఇంతే. జపాన్ మార్కెట్‌కు వచ్చే వన్ పీస్, డ్రాగన్ బాల్ బాక్సుల మీద అది కనిపిస్తుంది, కానీ స్టిక్కర్లకూ నకిలీలున్నాయి. బాక్స్ మొత్తం అనుమానంగా ఉండి స్టిక్కర్ ఒక్కటే మెరుస్తుంటే స్టిక్కర్‌ని నమ్మకండి.

లోపలి అమరిక కూడా చూడాలి. స్కేల్ ఫిగర్లు, నెండొరాయిడ్లు ఒంటి ఆకారానికి సరిపోయే పారదర్శక ప్లాస్టిక్ ట్రేలో కదలకుండా కూర్చుంటాయి. నకిలీలో ట్రే పలచగా ఉండి, బొమ్మ వదులుగా గలగలలాడుతుంది. బన్‌ప్రెస్టో వంటి ప్రైజ్ ఫిగర్లకు మాత్రం ట్రే లేకుండా, భాగాలు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి మూసిన అట్టపెట్టెలో రావడం మామూలే. బాక్స్‌కి కిటికీ లేదని వాటిని అనుమానించవద్దు.

ఐదో మెట్టు: బొమ్మ చేతికొచ్చాక

పార్సిల్ అందగానే కోయకండి. అడ్రస్ చీటీ కనిపించేలా వీడియో మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా, టేప్ కోయడం నుంచి బొమ్మను అన్ని వైపులా తిప్పి చూపేదాకా ఒకే ముక్కగా తీయండి. మధ్యలో కత్తిరించిన వీడియో ఉంటే "వేరే బొమ్మ పెట్టి చూపిస్తున్నారు" అంటారు.

నకిలీలో లోపాలు ఎందుకు వస్తాయో తెలిస్తే ఎక్కడ చూడాలో మీకే అర్థమవుతుంది. దొంగ తయారీదారు ఎక్కువసార్లు అసలు బొమ్మ ఒకటి కొని, దాని మీద అచ్చు తీస్తాడు. అచ్చులో పోసిన పదార్థం ఆరేటప్పుడు కొంచెం కుదించుకుపోతుంది. దాంతో బొమ్మ కొన్ని మిల్లీమీటర్లు చిన్నదవుతుంది, పదునైన అంచులు మొద్దుబారతాయి, భాగాలు ఒకదాంట్లో ఒకటి సరిగ్గా కూర్చోవు. రంగుల దగ్గర ఖర్చు తగ్గించడానికి నీడలు, పొరలు వదిలేస్తాడు. మిగతా లోపాలు కూడా ఎక్కువగా ఈ రెండింటి నుంచే వస్తాయి.

కళ్లతో మొదలుపెట్టండి. అసలు ఫిగర్ల కళ్లు మెత్తటి ప్యాడ్‌తో ఒక్కో రంగూ ఒక్కోసారి అద్దే ముద్రణతో వస్తాయి. గీతలు సన్నగా, పొరలు ఒకదాని మీద ఒకటి కచ్చితంగా ఉంటాయి. నకిలీలో ఒక కన్ను ఇంకోదానికంటే పైన ఉంటుంది, కనుపాప అంచు చెదురుతుంది, చూపు ఎటో పోతుంది. పాత్రను ఇష్టపడేవాళ్లకు ఇది చూడగానే తెలిసిపోతుంది, మనం రోజూ చూసే మొహం కదా.

తర్వాత జుట్టు కొసలు. అసలుది సూదిగా తేలుతుంది, కొన్నిసార్లు చివర్లు పలచని పారదర్శక ప్లాస్టిక్‌లో రంగు క్రమంగా మారుతూ ఉంటాయి. నకిలీలో కొసలు గుండ్రంగా, ఒకే రంగుతో ఉంటాయి. చర్మం అసలుదానికి మెరుపు లేకుండా, మోచేతులు మోకాళ్ల దగ్గర లేత ఎరుపు నీడతో ఉంటుంది. నకిలీ చర్మం నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది, లేకపోతే పాలిపోయినట్టుంటుంది. బట్టల అంచుల్లో రంగు పక్కకు పారిందా, రెండు సగాలు అతికిన గీత పక్కటెముకల వెంట, కాళ్ల వెంట ఎత్తుగా తగులుతోందా అని గోటితో తడిమి చూడండి.

బొమ్మను బేస్‌కి నిలిపే మేకుల్లాంటి పెగ్గులు తరువాతి పరీక్ష. పాదం కింద రంధ్రంలో బేస్ పెగ్ నెమ్మదిగా, గట్టిగా దిగాలి. దిగకపోతే కత్తితో చెక్కకండి, ముందు వీడియోలో చూపండి. నెండొరాయిడ్ అయితే ముందు జుట్టు తీసి మొహం మార్చి చూడండి. మొహం మార్చాక జుట్టుకీ నుదుటికీ మధ్య సందు కనిపిస్తే, మెడ జాయింట్ తల బరువు మోయలేక వాలిపోతే, స్టాండ్ చేయి నిలవకపోతే అది నకిలీ లక్షణం. జాబితాలో చెప్పిన మొహాలు, చేతులు అన్నీ వచ్చాయో లెక్కపెట్టండి. నకిలీలో ఒకటో రెండో తక్కువ ఉండటం మామూలు.

స్కేల్‌తో ఎత్తు కొలవండి. బేస్ కింద, పాదాల కింద, వీపు మీద కాపీరైట్ అక్షరాలు చూడండి. అక్కడ ఏమీ లేకపోయినా, గోకేసిన గుర్తు ఉన్నా అనుమానం బలపడుతుంది.

చివరగా వాసన. కొత్త పీవీసీకి కొంచెం వాసన ఉంటుంది, గాలి తగిలితే తగ్గిపోతుంది. గది అంతా పెట్రోలు, పెయింటు వాసన వచ్చి రోజులు గడిచినా పోకపోతే అందులో వాడిన ప్లాస్టిక్, రంగు ఏమిటో ఎవరూ పరీక్షించలేదని అర్థం. మెత్తటి పీవీసీని వంగేలా చేసే థాలేట్లు, కొన్ని రంగుల్లోని సీసం పిల్లలకు హాని చేస్తాయి. చాలా అసలు ఫిగర్ల బాక్సుల మీద 15 ఏళ్లు పైబడినవారికి అని రాసి ఉంటుంది. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి. "కిడ్స్ టాయ్" అని పెట్టి అమ్మే యానిమే బొమ్మ మీద ఆ ముద్ర లేకపోతే పిల్లల చేతికి ఇవ్వకండి.

వీటిని చూసి నకిలీ అనేయకండి

"మేడ్ ఇన్ చైనా" అని ఉండటం లోపం కాదు. జపాన్ కంపెనీల అసలు ఫిగర్లలో ఎక్కువ భాగం చైనాలోనే తయారవుతాయి, కొన్ని వియత్నాంలో, ఫిలిప్పీన్స్‌లో. బాక్స్ మీద ఇంగ్లీషు ఉండటమూ తప్పు కాదు, విదేశీ మార్కెట్లకు వేరే బాక్సులు వేస్తారు. రంగు వేరుగా ఉందని కంగారు పడొద్దు. క్యూ పోస్కెట్ వంటి ప్రైజ్ ఫిగర్ సిరీస్‌లు ఒకే బొమ్మను ఏ, బీ అని రెండు రంగుల్లో విడుదల చేస్తాయి. చిన్న రంగు మచ్చ ఒకటి అసలు ప్రైజ్ ఫిగర్‌లోనూ రావచ్చు.

ఒళ్లు జిగురుగా మారడం, పక్కకు వాలడం కూడా నకిలీకి రుజువు కావు. మూసిన బాక్స్‌లో ఏళ్ల తరబడి ఉంటే పీవీసీలోని మెత్తబరిచే ద్రవ్యం పైకి వస్తుంది. విజయవాడ, రామగుండం ఎండల్లో మూసిన గదిలో ఒంటికాలి మీద నిలబడే అసలు ఫిగర్ కూడా వంగుతుంది. గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి మెత్తగా కడిగి నీడలో ఆరబెడితే జిగురు పోతుంది.

ఎక్కడ కొంటే మంచిది

సరిపోయే డబ్బు లేకే చాలామంది నకిలీ వైపు వెళ్తారు. 2,500 రూపాయలతో నకిలీ స్కేల్ ఫిగర్ కొనే బదులు అదే పాత్రకు అసలు ప్రైజ్ ఫిగర్ ఉందేమో వెతకండి. ఇప్పటి ప్రైజ్ ఫిగర్ల శిల్పం చాలా బాగుంటుంది. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే గుడ్ స్మైల్ వాళ్ల పాప్ అప్ పరేడ్ సిరీస్ ఉంది, 17–18 సెం.మీ. ఎత్తు, స్కేల్ ఫిగర్ ధరలో మూడో వంతుకు అటూ ఇటూగా.

జపాన్ నుంచి నేరుగా తెప్పించుకోవాలంటే అమీఅమీ, హాబీ సెర్చ్, హాబీలింక్ జపాన్, గుడ్ స్మైల్ సొంత దుకాణం కొత్త సరుకుకు నమ్మదగినవి. సెకండ్‌హ్యాండ్‌కు మండరాకే, సురుగయా, అమీఅమీ పాత సరుకు విభాగం. అమీఅమీలో బొమ్మకూ బాక్స్‌కూ విడివిడిగా గ్రేడ్ ఇస్తారు. బొమ్మ గ్రేడ్ ఏ, బాక్స్ గ్రేడ్ బీ అని ఉంటే మంచి బేరం, నలిగింది అట్ట మాత్రమే. జపాన్ లోపలే అమ్మే సైట్ల నుంచి కొనడానికి జెన్‌మార్కెట్, బయీ వంటి మధ్యవర్తులున్నారు. అయితే వ్యక్తులు వేలంలో అమ్మేవాటిలో జపాన్‌లోనూ నకిలీలు వస్తాయి, మొదటి మూడు మెట్లు అక్కడా ఎక్కాల్సిందే.

ఆర్డర్ చేసేముందు భారత్‌కు ఏ రవాణా పద్ధతి ఉందో, ఆ రోజు సుంకం ఎంతో చూసుకోండి. గిఫ్ట్ అని రాయిస్తే సుంకం పడదన్న మాట పాతది. 5,000 రూపాయల గిఫ్ట్ మినహాయింపును 2019 డిసెంబరులోనే తీసేశారు. అమెరికాలో ఉన్న అక్కో బావో తెస్తామంటే ఏ దుకాణం నుంచి కొనాలో లింకు పంపండి. "ఏదో ఒకటి చూసి తీసుకో" అంటే అక్కడి పెద్ద మార్కెట్‌ప్లేస్‌లలోని మూడో వ్యక్తి లిస్టింగ్ దగ్గరే వాళ్లూ మోసపోతారు.

నకిలీ వచ్చేసింది, ఇప్పుడేం చేయాలి

అదే రోజు రిటర్న్ పెట్టండి. కారణం దగ్గర "నచ్చలేదు" అని కాకుండా "నకిలీ సరుకు" అన్నదే ఎంచుకోండి. వీడియో, అసలు బొమ్మ ఫోటో, మీ బొమ్మ ఫోటో పక్కపక్కన పెట్టి మూడు తేడాలకు బాణం గుర్తులు వేయండి. నకిలీ సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది, ఆ మాట ఫిర్యాదులో రాయండి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించడం) అడగండి. డబ్బు తీసుకుని బొమ్మే పంపకుండా మాయమైతే అది సైబర్ మోసం, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

మాంగా పుస్తకాల గురించి నాలుగు మాటలు

నకిలీ మాంగా (జపాన్ కామిక్స్) కూడా ఇప్పుడు బాగా తిరుగుతోంది. విజ్ మీడియా అనే ప్రచురణ సంస్థ వేసే ఇంగ్లీషు మాంగా ఐఎస్‌బీఎన్ (పుస్తకం వెనక ఉండే గుర్తింపు సంఖ్య) సాధారణంగా 978-1-4215తోగానీ 978-1-9747తోగానీ మొదలవుతుంది. అసలు పుస్తకం కాగితం కొంచెం గరుకుగా, పాలిపోయిన తెలుపులో ఉంటుంది. నకిలీది జిరాక్స్ కాగితంలా తెల్లగానో, వెనక పేజీ కనపడేంత పలచగానో ఉంటుంది. నలుపు నిండుగా ఉండాల్సిన చోట బూడిద రంగు కనిపిస్తుంది, నీడల కోసం వేసిన సన్నని చుక్కలు కలిసిపోయి మచ్చలవుతాయి, మాటల బుడగలు అంచు దగ్గర తెగిపోతాయి. వెన్ను మీద అక్షరాలు ఒక్కో సంపుటానికి ఒక్కో ఎత్తులో ఉంటే మొత్తం సెట్టే అనుమానించాలి. అబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారులో పాతవి ఏరుకునేటప్పుడు మధ్యలో ఏదైనా నల్లటి పేజీ తెరిచి చూడండి, చాలు.

ఇంట్లో ఇప్పటికే ఉన్న నకిలీని ఒరిజినల్ అని చెప్పి ఇంకొకరికి అమ్మకండి. ఉంచుకోవాలనుకుంటే పిల్లలకు అందకుండా, అసలు ఫిగర్లకు తగలకుండా వేరే అరలో పెట్టండి. నాసిరకం రంగు, ప్లాస్టిక్‌లోని మెత్తబరిచే ద్రవ్యం తగిలినచోట పక్క బొమ్మకు మరక అంటుకుంటుంది, తర్వాత అది కడిగినా పోదు.